ఖరాబు ముక్క

ఫ్యూజు పోయిన బల్బు ఒకటి దొరికితే చాలు, మా బాన్సువాడలో సినిమా మొదలయ్యేది. బల్బు అడుగున ఉండే నల్లటి గట్టి ముద్దని మేకుతో మెల్లగా పొడిచి, లోపలి తీగలూ గాజు కాడా లాగేసి, నిండా నీళ్ళు పోస్తే అదే లెన్సు. కిటికీ రెక్కలు మూసి, మధ్య సందు దగ్గర ఫిల్ము ముక్క పట్టుకోవాలి. బయట ఎండలో ఒకడు అద్దం పట్టుకుని వెలుగుని ఆ సందులోకి కొట్టాలి. లోపల బల్బుని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే ఎక్కడో ఒకచోట గోడ మీద బొమ్మ తేలేది. ఫిల్ముని తలకిందులుగా పెట్టాలని మాకెవరూ చెప్పలేదు, రెండోసారికి తెలిసిపోయింది. అద్దం పట్టుకున్నవాడికి సినిమా కనపడదు కాబట్టి దానికి వంతులుండేవి.

1990ల్లో తెలంగాణలో పెరిగిన చాలామందికి ఈ ఆట తెలుసు. ఫిల్ము ముక్కలు టాకీసు నుంచి వచ్చేవి. రీలు తెగినప్పుడల్లా ఆపరేటరు పాడైన కొన్ని ఫ్రేములు కత్తిరించి, కొసలు అతికించి మళ్ళీ ఆడించేవాడు. కత్తిరించినవి కేబిన్ కిందికి, అక్కడి నుంచి మా జేబుల్లోకి. మా మధ్య వాటికో మార్కెట్ ఉండేది. హీరో ముఖం దగ్గరగా ఉన్న ముక్కకి నాలుగు గోటీలు, ఫైటుకి మూడు, ఉత్త కొండలూ మేఘాలూ అయితే ఒకటి. ఒక మూరెడు ముక్క మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ ఒకావిడ ముఖం, ఆ ముఖం మీదుగా ఒక రైలు. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఇది ఖరాబు ముక్కరా, ఎవ్వడు తీస్కోడు" అని మా బ్యాచిలో పెద్దవాడు తేల్చేశాడు. నేనూ నమ్మాను.

అది ఖరాబు కాదనీ, నా డబ్బాలో ఉన్నవాటన్నిటిలోకీ ఎక్కువ పని జరిగిన ముక్క అదేననీ తెలియడానికి పాతికేళ్ళు పట్టింది. ఆ పనిచేసిన యంత్రం పేరు ఆప్టికల్ ప్రింటర్. ఈ వ్యాసం దాని గురించి, దాన్ని ఇంట్లో కట్టుకున్న కొందరి గురించి, కట్టుకోకపోవడం వల్ల మనకి దక్కకుండా పోయినదాని గురించి.

*

మా కిటికీ సినిమానే తీసుకోండి. ఒక వెలుగు, దాని ముందు ఫిల్ము, ఫిల్ము ముందు లెన్సు, చివర గోడ. ఇప్పుడు గోడని తీసేసి, బొమ్మ పడే చోట ఒక కెమెరా పెట్టండి, అందులో కొత్త ఫిల్ము వేయండి. ఇటు పాత ఫిల్ము ఒక ఫ్రేము జరిగితే అటు కొత్త ఫిల్ము ఒక ఫ్రేము జరగాలి. అంతే, ఆప్టికల్ ప్రింటర్ అంటే అది. ఎదురెదురుగా కూర్చున్న ఒక ప్రొజెక్టరూ, ఒక కెమెరా. చూపించేది ఒకటి, చూసేది ఒకటి.

ఇంత సాదా యంత్రంతో ఏం చేయొచ్చంటే, సమయంతో ఆడుకోవచ్చు. పాత ఫిల్ముని ఆపేసి కొత్తదాన్ని నడిపితే బొమ్మ బిగుసుకుపోతుంది. ఒక్కో ఫ్రేముని రెండేసిసార్లు తీస్తే కదలిక నెమ్మదిస్తుంది. పాతదాన్ని వెనక్కి నడిపితే పగిలిన కుండ అతుక్కుంటుంది. కెమెరాని దగ్గరకు జరిపితే గుంపులో ఒక ముఖం మాత్రమే మిగులుతుంది. కొత్త ఫిల్ముని వెనక్కి చుట్టి మళ్ళీ తీస్తే ఒక బొమ్మ మీద ఇంకోటి పడుతుంది. షూటింగు అయిపోయాక, నటులు ఇళ్ళకి వెళ్ళిపోయాక, సెట్టు విప్పేశాక చేసే పని ఇదంతా. అంటే సినిమాని రెండోసారి చూసే అవకాశం అన్నమాట. చూసి, మార్చే అవకాశం.

ఈ అవకాశం లేని రోజుల్లో ఏం చేసేవారు? కెమెరా లోపలే అన్నీ చేసేవారు. మన పౌరాణికాల్లో మాయలు చాలావరకు అలా పుట్టినవే. ఒకే నటుడు తెర మీద ఇద్దరుగా కనపడాలంటే, లెన్సు ముందు సగానికి నల్లటి మాస్క్ అడ్డుపెట్టి, మిగతా సగంలో నటుణ్ణి తీస్తారు. ఫిల్ముని సరిగ్గా మొదలుపెట్టిన అంకె దాకా వెనక్కి చుట్టి, మాస్క్‌ని రెండో వైపుకి మార్చి, వేషం మార్చుకొచ్చిన అదే నటుణ్ణి మళ్ళీ తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత కనపడుతుంది. స్టూడియోలు మిచెల్ కెమెరాని అంత అపురూపంగా చూసుకోవడానికి ఒక కారణం ఇదే. దాని లోపల సన్నటి పిన్నులు ఫిల్ము పక్క రంధ్రాల్లోకి దిగి, ప్రతి ఫ్రేమునీ ప్రతిసారీ ఒకేచోట నిలబెడతాయి.

1957లో వచ్చిన 'మాయాబజార్'ని మార్కస్ బార్ట్‌లీ తీశాడు. అంతకు ఆరేళ్ళ ముందు 'పాతాళభైరవి' కూడా ఆయనదే. ద్వారకానగరం కోసం 50 అడుగులకి 60 అడుగుల స్థలంలో సుమారు 300 చిన్న చిన్న ఇళ్ళు కట్టి దీపాలు వెలిగించారు. మాయ అంతా లెన్సు ముందే జరగాలి కాబట్టి నగరాన్నే బొమ్మరిల్లంత చేసి లెన్సు ముందుకు తెచ్చారు. నాలుగేళ్ళ తర్వాత, 1961లో, ఎన్టీఆర్ మొదటిసారి దర్శకత్వం చేసిన 'సీతారామ కళ్యాణం'కి రవికాంత్ నగాయిచ్ కెమెరామన్‌గా వచ్చాడు. ఆయనకీ ఛాయాగ్రాహకుడిగా అదే మొదటి సినిమా. దశకంఠుడి తలల కోసం ఎన్టీఆర్ గంటల తరబడి కదలకుండా నిలబడ్డారని ఆ సినిమా గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలో నాకు ఆసక్తి నటుడి ఓపిక మీద కాదు, నెగటివ్ మీద. కెమెరా లోపలి మాస్క్ పద్ధతిలో ఒకే ఫిల్ము ఎన్నిసార్లు వెలుగు చూస్తే అన్నిసార్లూ తప్పు జరగకూడదు. చివరిసారి తప్పు జరిగితే అంతకు ముందువన్నీ పోతాయి. నా ఉద్యోగంలో తప్పు రాస్తే పాత వెర్షన్‌కి వెళ్ళిపోతాను. వాళ్ళ దగ్గర పాత వెర్షన్ అనేదే లేదు.

*

ఆప్టికల్ ప్రింటర్ ఈ భయాన్ని తీసేసింది. ఒరిజినల్ నెగటివ్‌ని ముట్టుకోకుండా, దాని నుంచి ఒక పాజిటివ్ తీసి, దాన్ని ప్రింటర్‌లో పెట్టి ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. హాలీవుడ్‌లో చాలాకాలం ఏ స్టూడియోకి ఆ స్టూడియో తన ప్రింటర్‌ని తన వర్క్‌షాపులోనే కట్టుకుంది. బజారులో కొనుక్కునే యంత్రంగా అది వచ్చింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో. ఆర్.కె.ఓ. స్టూడియోలో పనిచేస్తూ 'కింగ్ కాంగ్', 'సిటిజన్ కేన్' లాంటి సినిమాల ఆప్టికల్ పనులు చేసిన లిన్‌వుడ్ డన్, అమెరికా సైన్యపు ఫొటో విభాగాల కోసం ఆక్మీ-డన్ ప్రింటర్‌ని రూపొందించాడు. దానికి 1944 సంవత్సరానికి ఆస్కార్ వాళ్ళ సాంకేతిక పురస్కారం వచ్చింది. కాబట్టి ఇంట్లో కట్టుకున్న ఆప్టికల్ ప్రింటర్ అంటే అసలు దానికి పేదరికపు నకలు అనుకోనక్కర్లేదు. మొదట్నుంచీ అది చేత్తో కట్టుకున్న యంత్రమే.

మన సినిమా పరిశ్రమలో యంత్రం పేరు పోయి పనికే ఆ పేరు మిగిలింది. ఫేడ్, డిజాల్వ్, వైప్, ఫ్రీజ్, సూపర్‌ఇంపోజ్ చేసిన టైటిల్స్, వీటన్నిటినీ కలిపి 'ఆప్టికల్స్' అంటారు. ఎడిటరు వర్క్ ప్రింటు మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మద్రాసులో ల్యాబుకి పంపితే అవి తయారై వచ్చేవి.

డిజాల్వ్‌నే చూడండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16. రెండు సెకన్ల డిజాల్వ్ అంటే 48 ఫ్రేములు, మూడడుగులు. ప్రింటరు మొదటి షాట్‌ని తీస్తూ ఆ 48 ఫ్రేముల్లో షట్టర్‌ని కొద్దికొద్దిగా మూస్తుంది. ఆపరేటరు కొత్త ఫిల్ముని మూడడుగులు వెనక్కి చుడతాడు. రెండో షాట్ పెట్టి, ఈసారి షట్టర్‌ని అదే లెక్కలో తెరుస్తూ పోతాడు. ఒకటి ఆరిపోతుంటే ఇంకోటి వెలుగుతుంది. అలా వచ్చిన డూప్ నెగటివ్ ముక్కని ఒరిజినల్ నెగటివ్ మధ్యలో అతికిస్తారు.

ఆ అతుకు దగ్గరే అసలు సంగతి ఉంది. డూప్ నెగటివ్ అంటే నకలుకి నకలు. ప్రతి నకలుకీ గ్రెయిన్ పెరుగుతుంది, నీడలు మరింత నల్లబడతాయి, రంగు కొంచెం తప్పుతుంది. మన దగ్గర థియేటర్ ప్రింట్లు చాలావరకు ఒరిజినల్ నెగటివ్ నుంచే నేరుగా తీసేవారు కాబట్టి ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 70ల్లోదో 80ల్లోదో ఏదైనా రంగుల సినిమా పెట్టుకుని చూడండి. హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి బొమ్మ కాస్త గరుకవుతుంది, చీర రంగు ఒక మెట్టు మారుతుంది. షాట్ మారలేదు, లైటింగూ మారలేదు. ఒకట్రెండు సెకన్లాగితే ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. అంటే డిజాల్వ్ రాబోతోందని కథ కంటే ముందు ఫిల్మే చెప్పేసింది. చిన్నప్పుడు ఇది గమనించినవాళ్ళకి సినిమాలో ముందు ఏం జరుగుతుందో తెలిసిపోయిందన్న గర్వం ఉండేది. ఇది మన సినిమాలకే ఉన్న లోపం కాదు. ఆ కాలపు హాలీవుడ్ రంగుల సినిమాల్లోనూ ఇదే మచ్చ కనపడుతుంది.

చివర్లో 'శుభం' పడే ఫ్రీజ్ ఫ్రేము కూడా అంతే. కుటుంబమంతా నవ్వుతూ నిలబడిపోతుంది. వాళ్ళ మీద అక్షరాలు వస్తాయి. బొమ్మ కదలదు గానీ దాని మీద సన్నటి గ్రెయిన్ మాత్రం చీమల్లా పారుతూనే ఉంటుంది. ఒకే ఫ్రేముని కెమెరా వందసార్లు తీసింది, ప్రతిసారీ కొత్త ఫిల్ము మీద. ఆగిపోయింది మనుషులే, ఫిల్ము ఆగలేదు.

ఇంకొక మాట. సినిమా మొదట్లో బొమ్మల మీద పేర్లు వేసిందీ ఈ యంత్రమే. హీరో పేరు నుంచి ప్రొడక్షన్ మేనేజరు పేరు దాకా అందరి పేర్లూ తెర మీదికి తెచ్చినవాడు ఆప్టికల్ ఆపరేటరు. అతని పేరు వెతికితే చాలా సినిమాల్లో ల్యాబు పేరు దగ్గర ఆగిపోవాలి.

*

యంత్రం ఎవరి చేతిలో ఉందన్నది ఇక్కడ ముఖ్యం అనుకుంటాను. మద్రాసులో ఆప్టికల్ ప్రింటర్ ల్యాబులో ఉండేది. దర్శకుడు ఆ గదిలోకి అడుగు పెట్టాల్సిన పని లేదు. ఇంత నిడివికి ఇంత అని డబ్బు. ముడి ఫిల్ము దిగుమతి సరుకు, ప్రతి అడుగుకీ లెక్క. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనైతే ఫిల్ము కొరత వల్ల సినిమా 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వమే ఆంక్ష పెట్టింది. ఆ అలవాటులో పెరిగిన పరిశ్రమ ఇది. అలాంటి చోట ఆప్టికల్‌ని ముందే కాగితం మీద రాసి ఆర్డరివ్వాలి. 'ఏమవుతుందో చూద్దాం' అని ఎవరూ ఆర్డరివ్వలేరు. ప్రయోగమంతా ఆ 'చూద్దాం'లోనే ఉంది.

అదే కాలంలో లండన్‌లో మాల్కం లె గ్రైస్ అనే చిత్రకారుడు ఒక ప్రొజెక్టర్‌ని మార్చి సొంతంగా ప్రింటరు కట్టుకున్నాడు, డెవలపింగ్ సామగ్రి కూడా. అతని 'బెర్లిన్ హార్స్' 1970 నాటి సినిమా. కథేమీ లేదు. గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతున్న ఒక 8 ఎం.ఎం. ముక్క, మంటల్లో ఉన్న కొట్టం నుంచి గుర్రాల్ని బయటకి తెస్తున్న ఒక తొలినాళ్ళ మూకీ ముక్క. వాటిని మళ్ళీ మళ్ళీ తీసి, ప్రింటరులో రంగు ఫిల్టర్లు వేసి, నెగటివ్‌నీ పాజిటివ్‌నీ కలిపాడు. గుర్రం పరుగెత్తి పరుగెత్తి చివరికి రంగులో కరిగిపోతుంది. నకలుకి నకలు తీస్తే బొమ్మ పాడవుతుందని ల్యాబువాళ్ళు భయపడతారు. ఆ పాడవడమే ఇతనికి కావాల్సింది.

న్యూయార్క్‌లో కెన్ జేకబ్స్ ఇంకో పని చేశాడు. 1905 నాటి ఒక చిన్న మూకీని తెర మీద వేసి, ఆ తెరని మళ్ళీ కెమెరాతో తీశాడు, ఆపుతూ, వెనక్కి నడుపుతూ, మూలల్లోకి దూరుతూ. సుమారు పది నిమిషాల 'టామ్, టామ్, ద పైపర్స్ సన్' 1969లో దాదాపు రెండు గంటల సినిమా అయింది. ఆ మూకీ బతికి ఉండటం కూడా ఇలాంటి పనివల్లే. అమెరికాలో తొలినాళ్ళలో సినిమాకి కాపీరైట్ చట్టం లేదు, ఫొటోలకి ఉంది. అందుకని నిర్మాతలు సినిమా మొత్తాన్ని ఫొటో కాగితపు చుట్టగా ముద్రించి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాఖలు చేసేవారు. అసలు ఫిల్ములు తగలబడిపోయాయి, కరిగిపోయాయి. కాగితాలు మిగిలాయి. యాభైల్లో కూర్చుని ఆ కాగితపు చుట్టల్ని ఒక్కో ఫ్రేమే ఫొటో తీసి మళ్ళీ ఫిల్ముగా మార్చారు. అలా వేలకొద్దీ సినిమాలు తిరిగొచ్చాయి.

మిలాన్‌లో యెర్వంట్ జానికియన్, ఆంజెలా రిచ్చి లుక్కి దంపతులు తాము కట్టుకున్న యంత్రానికి 'విశ్లేషణ కెమెరా' అని పేరు పెట్టుకున్నారు. పాత ఫిల్ము ఎండి కుంచించుకుపోతుంది, రంధ్రాల మధ్య దూరం తగ్గుతుంది, మామూలు ప్రొజెక్టర్‌లో పెడితే చిరిగిపోతుంది. అందుకని వాళ్ళు చేత్తో తిప్పే యంత్రం చేసుకున్నారు. 'ఫ్రమ్ ద పోల్ టు ద ఈక్వేటర్' అనే 1986 నాటి సినిమాని లూకా కొమేరియో అనే ఇటాలియన్ కెమెరామన్ వదిలివెళ్ళిన రీళ్ళ నుంచి అలా తీశారు. వేటగాళ్ళు, సైనికులు, మతప్రచారకులు, వాళ్ళ ముందు నిలబెట్టిన వలస దేశాల మనుషులు. మామూలు వేగంతో చూస్తే విహారయాత్ర. నెమ్మదిగా చూస్తే ఎవరు ఎవరి వైపు ఎలా చూస్తున్నారో కనపడి గుండె బరువెక్కుతుంది. ఇంకోపక్క కాలిఫోర్నియాలో యాకో కుర్హి చౌకగా తయారుచేసిన జె.కె. ప్రింటర్ అమెరికా ఆర్ట్ స్కూళ్ళలో బల్ల మీదికి చేరింది. ఫిల్మ్ స్టూడెంటు రాత్రంతా దాని ముందు కూర్చుని, ఒక్కో ఫ్రేమూ తన చేత్తో జరుపుకునే రోజులొచ్చాయి.

మన దేశంలో ఇలాంటి 'చూద్దాం' జరగలేదా అంటే జరిగింది, బొంబాయిలో. 1948లో పెట్టిన ఫిల్మ్స్ డివిజన్‌కి సొంత యంత్రాలుండేవి, అమ్మకాల గొడవ లేదు. అక్కడ ప్రమోద్ పతి 1968లో 'ఎక్స్‌ప్లోరర్' తీశాడు. యువత, విజ్ఞానం, పూజలు, నాట్యం, అన్నీ కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ముక్కలు ముక్కలుగా వచ్చిపడతాయి. ప్రభుత్వ డాక్యుమెంటరీ అంటే మనం ఊహించుకునేదానికి పూర్తిగా వ్యతిరేకం. చిత్రకారుడు అక్బర్ పదమ్సీ 1969లో తన ఫెలోషిప్ డబ్బుతో కళాకారుల కోసం విజన్ ఎక్స్‌చేంజ్ వర్క్‌షాప్ పెట్టి, 16 ఎం.ఎం.లో ప్రయోగాలు చేశాడు. అక్కడ తీసిన రెండు సినిమాల్లో 'ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ చాంబర్'కి ఉన్నది ఒకే ప్రింటు. అది పోయింది. 2016లో ఆషిమ్ అహ్లూవాలియా అదే పేరుతో, పోయిన సినిమా గురించి పదమ్సీతో కలిసి ఇంకో సినిమా తీయాల్సి వచ్చింది.

తెలుగులో ఆ దారి లేదు. బార్ట్‌లీ, నగాయిచ్ లాంటి కెమెరావాళ్ళు మద్రాసులో మన సినిమాలకి పనిచేస్తున్నప్పుడు మనకి చేయి తక్కువ కాదు, ఊహ తక్కువ కాదు. బల్ల మీద సొంత యంత్రం లేదు, అంతే. మాయ ఎప్పుడూ కథ చెప్పినట్టు వినాల్సి వచ్చింది. మాయ తనంతట తాను ఎటు పోతుందో చూసే తీరిక ఎవరికీ దొరకలేదు.

*

2020లో ఆఫీసులు మూతపడినప్పుడు నేనూ చాలామందిలాగే లాప్‌టాప్ పట్టుకుని ఊరికి చేరాను. అప్పటికి మా బాన్సువాడ నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాకి మారి నాలుగేళ్ళు. అటక మీద బిస్కెట్ డబ్బా దొరికింది. మూత తీయగానే పచ్చడి జాడీ తెరిచినట్టు పుల్లటి వాసన. అసిటేట్ ఫిల్ము చెడిపోవడం మొదలైతే అదే వాసన వస్తుంది. ఒకసారి మొదలయ్యాక దాన్ని వెనక్కి తిప్పలేం, నెమ్మదింపజేయడమే. పైగా చెడుతున్న ముక్క పక్కనున్నవాటినీ చెడగొడుతుంది. డబ్బాలో సగం ముక్కలు వంకర్లు పోయాయి.

స్కాన్ చేయించడానికి ఇవి రీళ్ళు కావు, ముక్కలు. అందుకని నేనే ఒకటి కట్టాను. వడ్రంగి దగ్గర చెక్క పలక కోయించాను. దాని మీద ఒకవైపు ఎల్.ఈ.డీ. దీపం, ముందు పాలరంగు యాక్రిలిక్ ముక్క, వెలుగు ఒకేలా పరుచుకోవడానికి. ప్రొజెక్టర్ బల్బు వాడకూడదు. ఆగిన ఫ్రేముని అది కాల్చేస్తుంది. మధ్యలో ఫిల్ము నిలబడే గేటు. ఇంకోవైపు పాత డీ.ఎస్.ఎల్.ఆర్., దానికి బెలోస్, ఫొటో ఎన్‌లార్జర్ నుంచి తీసిన 50 ఎం.ఎం. లెన్సు. ఫిల్మూ సెన్సరూ దాదాపు ఒకే సైజు కాబట్టి బొమ్మని ఉన్నదున్నంత పట్టుకుంటే చాలు. అన్నిటికంటే కష్టమైంది పిన్నులు. 35 ఎం.ఎం. పాజిటివ్ రంధ్రం వెడల్పు 2.8 మిల్లీమీటర్లు, ఎత్తు రెండు లోపు. ఇత్తడి కడ్డీని ఆకురాయితో అరగదీసి ఆ కొలతకి తేవడానికి మూడు ఆదివారాలు పట్టింది. తీరా చూస్తే ముక్కలు కుంచించుకుపోయి రెండు పిన్నులూ ఒకేసారి దిగవు. చివరికి ఒక పిన్నుని సన్నం చేసి, మిగిలిన ఊగుడుని సరిచేసే ప్రోగ్రాం రాశాను. పక్క రంధ్రం అంచుల్ని గుర్తుపట్టి ప్రతి ఫ్రేమునీ ఒకేచోటికి జరుపుతుంది. మిచెల్ కెమెరా లోహంతో చేసిన పనిని నేను గణితంతో, దానికంటే కాస్త నాసిరకంగా చేశాను.

మొదట నాలుగు గోటీల ముక్కలు తీశాను. స్కోప్ సినిమాలవి. 'అల్లూరి సీతారామరాజు' 1974లో మన మొదటి సినిమాస్కోప్ అయ్యాక క్రమంగా అదే వాడుకయింది. ఫిల్ము మీద బొమ్మ అడ్డంగా నొక్కేసి ఉంటుంది. మా గోడ మీద హీరోలంతా ఎందుకంత సన్నగా పొడుగ్గా ఉండేవారో అప్పుడర్థమైంది. ఖరాబు ముక్కని చివర్లో పెట్టాను.

అందులో 22 ఫ్రేములున్నాయి. వాటిని వరసగా స్క్రీన్ మీద పరిచి చూశాను. మొదటి నాలుగు శుభ్రంగా ఉన్నాయి. గుమ్మంలో ఆవిడ, వెనక గోడ మీద క్యాలెండరు. ఐదో ఫ్రేము దగ్గర పై అంచున ఒక సన్నటి గీత. నెగటివ్ అతుకు. స్కోప్‌లో బొమ్మ ఫ్రేము నిండా ఉంటుంది కాబట్టి అతుకు దాక్కోలేదు. అక్కడి నుంచి ఆవిడ చెంప గరుకైంది, క్యాలెండరు మీద అంకెలు కలిసిపోయాయి. తొమ్మిదో ఫ్రేములో, చాలా జాగ్రత్తగా చూస్తే, ఆవిడ నుదుటి మీద ఒక తెల్లటి మరక. పదమూడుకి అది పొగ అని తెలుస్తుంది. 22 వచ్చేసరికి ముఖమూ రైలూ సగం సగం. పద్నాలుగు ఫ్రేముల్లో సగం దాటింది కాబట్టి ఇది సుమారు 24 ఫ్రేముల డిజాల్వ్. సెకను. మద్రాసులో ఎవరో ఒక మనిషి ఆ సెకను కోసం అడుగున్నర ఫిల్ము వెనక్కి చుట్టాడు. అద్దం పట్టుకున్నవాడిలాగే అతనూ బయటే ఉండిపోయాడు.

ఆ 22 ఫ్రేముల్నే రకరకాలుగా మళ్ళీ తీశాను. ఒక్కోటి రెండుసార్లు, ఆ తర్వాత ఎనిమిదిసార్లు, వెనక్కి, ముందుకి. ఐదో ఫ్రేము దగ్గర ఆగి, కెమెరాని చెంప మీదికి జరిపి. ఒక నిమిషం సినిమా అయింది. అది గొప్పదేం కాదు. కానీ దాన్ని తీస్తున్నంతసేపూ, నేను మూడేళ్ళు ఇంజనీరింగ్ హాస్టల్లో రోజుకో సినిమా చూసి కూడా ఒక్క సెకనుని ఇంతసేపు చూడలేదని అనిపించింది.

*

ఇప్పుడు డిజాల్వ్ ఒక క్లిక్కు. ఆ క్లిక్కు కూడా ఆప్టికల్ ప్రింటర్ వారసురాలే. ప్రింటరులో ఏ భాగం కనపడాలి, ఏ భాగం దాగాలి అని చెప్పే నలుపు-తెలుపు ఫిల్ముని మాట్ అంటారు. 1970ల చివర్లో ఎడ్ కాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ దాన్నే కంప్యూటర్ బొమ్మలో ఆల్ఫా ఛానెల్‌గా పెట్టారు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మని కలిపే గణితాన్ని 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ రాసిపెట్టారు. ఫోన్ తెర మీద ఒక మెసేజి పొరలా తేలి కింద బొమ్మ మసగ్గా కనపడినప్పుడల్లా ఆ లెక్కే నడుస్తోంది. నేను రోజూ రాసే కోడ్‌లో ఆ ఆపరేటరు ఉన్నాడని నాకు చాలాకాలం తెలియదు.

పాత సినిమాల్ని శుభ్రం చేసే పనీ కోడ్ చేతికే వచ్చింది. గీతలు తీసేస్తున్నాం, మంచిదే. కానీ గ్రెయిన్‌ని కూడా మురికి అనుకుని తుడిచేస్తున్నాం. అలా తుడిచిన సినిమాల్లో ముఖాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి, డిజాల్వ్ ముందు వచ్చే ఆ గరుకు కూడా పోతుంది. చూడ్డానికి హాయిగానే ఉంటుంది. పోయేది ఏమిటంటే, ఇక్కడ ఒకరు కత్తిరించారు, ఇక్కడ ఒకరు వెనక్కి చుట్టారు, ఇది రెండోసారి తీసిన బొమ్మ అన్న సాక్ష్యం. మన సినిమా చరిత్రకి కాగితాలు తక్కువ. తొలి తెలుగువాళ్ళ మూకీ 'భీష్మప్రతిజ్ఞ'కి ఈరోజు ఒక్క రీలు లేదు. పుణె ఆర్కైవులో 2003లో జరిగిన అగ్నిప్రమాదం ఎన్నో పాత నైట్రేట్ రీళ్ళని తీసుకుపోయింది. పనివాళ్ళ పేర్లు రాసుకోని చోట పనిముట్టు వదిలిన మచ్చే దస్తావేజు. కాబట్టి శుభ్రం చేసేవాళ్ళు చేయనీ, శుభ్రం చేయని స్కాన్ ఒకటి పక్కన దాచిపెట్టమని మాత్రం అడగాలి. హార్డ్ డిస్కులో చోటు, అంతకంటే ఖర్చు లేదు.

యంత్రం కట్టడానికి కూడా పెద్ద ఖర్చు లేదు. పాత కెమెరా, ఒక దీపం, ఒక లెన్సు, కాస్త ఇత్తడి. తెలంగాణలో, ఆంధ్రలో మూతపడ్డ టాకీసుల కేబిన్లలో, ఆపరేటర్ల ఇళ్ళ అటకల మీద నాలాంటి డబ్బాలు ఇంకా ఉన్నాయి. వాసన మొదలైతే ఎక్కువ కాలం ఉండవు.

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆ నిమిషం సినిమాని మా పాత గోడ మీద వేశాను. అప్పుడు తీర్పు చెప్పినవాడే వచ్చాడు, ఇప్పుడు బస్టాండు దగ్గర మొబైల్ షాపు. ముఖంలోకి రైలు వస్తూ ఉంటే చివరిదాకా మాట్లాడలేదు. అయిపోయాక, "ఇంకోసారి పెట్టు" అన్నాడు.